చనిపోయినవాడి మీద అప్పు

మా ఆయన గొంతు పోయింది ఒక మంగళవారం. ఆపరేషన్ గదిలోకి తీసుకెళ్లే ముందు ఆయన నాతో అన్న ఆఖరి మాట, "ఇంటి తాళం అమ్మకిచ్చావా?" అని. ఇచ్చానన్నాను. సాయంత్రానికి గొంతులోని పుండుతో పాటు స్వరపేటిక కూడా తీసేశారు. ఆయన బస్సు కండక్టరు. స్టాపు పేరు పిలిస్తే వెనక సీట్లో కునికేవాడు కూడా సంచి సర్దుకుని లేచేవాడు. ఆ తర్వాత బతికిన రెండేళ్లూ, నేను బడి నుంచి తెచ్చిన పలక మీద రాసి చూపించేవారు. "కూరలో ఉప్పు లేదు" అని రాసి, నా మొహం చూసి, "ఫర్వాలేదు" అని కింద చేర్చేవారు.

ఆయన పోయిన నెలకు, ఒకరోజు నేను బడి నుంచి వచ్చేసరికి అత్తయ్య వంటింటి గుమ్మంలో కూర్చుని ఉంది. ఒళ్లో రుమాలు. అందులో ఆవిడ చెవుల కమ్మలు.

"అమ్మాయ్, రేపు వీటిని అమ్మేసి రా. మనవాడు అప్పు పెట్టి పోయాడే."

ఆయన ఫోన్ ఇంట్లోనే ఉంచాం. తెలిసినవాళ్లు ఇంకా దానికే చేస్తుంటారు. మధ్యాహ్నం దానికి అప్పుల వసూలు ఆఫీసు నుంచంటూ ఎవడో చేశాడట. ఆయన పేరు, పనిచేసిన డిపో పేరు చెప్పాడట. సాయంత్రంలోగా కట్టకపోతే పోలీసులు ఇంటికొస్తారని, కోడలికి మాత్రం చెప్పొద్దని అన్నాడట. అత్తయ్య పెట్టెలో దాచుకున్నదంతా తీసి, వీధి చివర రీఛార్జి కొట్టువాడి చేత అతను చెప్పిన ఖాతాకు పంపించేసింది. మిగతాదానికి రేపటిదాకా ఆగుతానన్నాడట, అందుకే ఈ కమ్మలు.

"ఏ కంపెనీ అన్నాడు అత్తయ్యా?"

"పోలీసులొస్తారంటుంటే కంపెనీ పేరు అడుగుతూ కూర్చోనా?"

"కాగితమేదైనా పంపుతానన్నాడా?"

"నీ ప్రశ్నలు బడిలో అడుక్కో. పోయినవాణ్ణి ఎవరూ బాకీదారు అనకూడదు. అంతే."

నాకు తెలియని అప్పు ఆయనకు లేదని చెప్పాను. "మొగుణ్ణి వెనకేసుకొస్తున్నావులే" అంది. పోయిన డబ్బు గురించి నేనంతగా ఆలోచించలేదు. ఆ రోజు నుంచి ఆవిడ గోడ మీది కొడుకు ఫొటో వైపు చూడటం మానేసింది. అది నేను తట్టుకోలేకపోయాను.

మర్నాడు ఆయన ఫోన్ నాతో బడికి తీసుకెళ్లాను. భోజనాల వేళ మోగింది. ఆయన భార్యనని చెప్పాను.

"మేడం, మీ ఆయన బాకీ ఇవాళే కట్టాలి."

"మీ ఆఫీసెక్కడండీ? నేనే వచ్చి కడతాను."

"రావడాలు లేవు. ఖాతాలో వెయ్యండి."

"ఆయన సంతకం పెట్టిన కాగితం పంపండి, చూసి వేస్తాను."

"కాగితమా! పోయే ముందు కూడా మీ ఆయన నాతో ఫోన్లో మాట్లాడాడు మేడం. కడతానని ఒప్పుకున్నాడు. నా చెవులతో విన్నాను."

నేను చేతిలోని అన్నం డబ్బా బల్ల మీద పెట్టాను.

"గట్టిగా అన్నారా, నెమ్మదిగా అన్నారా?"

"గట్టిగానే. మీ ఆయన గొంతు పెద్దదే కదా!"

నాకు ఏడుపు రాలేదు. ఆ నెలలో మొదటిసారి ఆకలి వేసింది. డబ్బు సర్దుతాను, రేపు చెయ్యండని చెప్పి, డబ్బా మూత తీసి అన్నమంతా తిన్నాను.

పక్కన కూర్చున్న లెక్కల టీచరు నన్ను అప్పటికప్పుడు బ్యాంకుకూ, అక్కడి నుంచి సైబర్ పోలీసుల దగ్గరికీ లాక్కెళ్లింది. ఎంత తొందరగా చెబితే డబ్బు అంతగా ఆగుతుందట. ఫిర్యాదు రాసుకున్న పోలీసు, "ఇంక ఆ ఫోన్ ఎత్తకండి. నంబరు బ్లాక్ చెయ్యండి" అన్నాడు. అతను చెప్పింది సబబే. నేను వినలేదు.

ఆ వసూలు మనిషి రోజూ అదే వేళకు చేసేవాడు. నేను ఖాతా నంబరు ఒక అంకె తప్పు రాసుకునేదాన్ని. తిరిగి చదివి వినిపించేదాన్ని. కళ్లద్దాలు వెతుక్కునేదాన్ని. అతని మాటలన్నీ ఫోన్లో రికార్డు చేసేదాన్ని. నాతో ఉన్నంతసేపూ అతను ఇంకో ఇంట్లో ఇంకో ముసలావిడతో లేడు కదా అనుకునేదాన్ని. స్టాఫ్ రూములో అతనికి అల్లుడుగారని పేరు పెట్టారు.

"ఏం టీచరమ్మా, అల్లుడుగారు ఇంకా పలకరించలేదా? అలిగారేమో!" అనేవాడు డ్రిల్లు మాస్టారు. ఒకరోజు ఆయనే ఫోన్ తీసుకుని, "నేను వాళ్లన్నయ్యని. బ్యాంకు వరసలోనే నిలబడ్డాను బాబూ, ముందు పదిమంది ఉన్నారు, ఉండు" అని చెప్పి, బల్ల మీద పెట్టి టీ తాగాడు. అవతల నుంచి "హలో, హలో" అని వినబడుతూనే ఉంది. అందరూ నవ్వారు. నేను నవ్వలేదు. నాకు అది చాలలేదు.

ఆదివారం ఇంట్లో ఫోన్ మోగింది. స్పీకరు పెట్టి అత్తయ్యను పక్కన కూర్చోబెట్టుకున్నాను.

"ఆయన మీతో ఏమన్నారో మా అత్తగారికి చెప్పండి. వింటేగాని కమ్మలివ్వనంటున్నారు."

అతనికి హుషారొచ్చింది. "అమ్మా, మీ అబ్బాయి ఫోన్లో ఏడ్చాడమ్మా. మా అమ్మ మంచిది, నేను లేకపోయినా మా అమ్మ కడుతుంది అన్నాడమ్మా."

అబద్ధం ఆవిడకు ఆ క్షణంలోనే తెలిసిపోయిందని మొహం చూసి నాకర్థమైంది. అయినా ఫోన్ దగ్గరికి వంగింది.

"అమ్మ అన్నాడా నాయనా?"

"అన్నాడమ్మా."

"ఎలా అన్నాడు? ఒక్కసారి అను."

అతను గొంతు మార్చి, సాగదీసి, "అమ్మా" అన్నాడు.

అత్తయ్య కళ్లు మూసుకుంది. నేను ఫోన్ ఆపబోతే నా చెయ్యి పట్టుకుంది. తర్వాత చాలా మామూలుగా అంది.

"మావాడికి గొంతు లేదురా. రెండేళ్లు వాడి నోట అమ్మా అనే పిలుపు వినలేదు నేను. వాడి బదులు పిలవడానికి నువ్వెవడివిరా?"

అతను పెట్టేశాడు.

"పోనిచ్చావేమే! నేనింకా అడగాల్సింది ఉంది. మళ్లీ కలుపు" అంది. కలిపాను. ఆ నంబరు ఇక పని చెయ్యలేదు. ఆవిడ అద్దం లేకుండానే కమ్మలు పెట్టుకుని, గోడ మీది ఫొటో కింద చాలాసేపు నిలబడింది.

బ్యాంకువాళ్లు కొంత డబ్బు ఆపగలిగారు. ఆ ఖాతా ఎవరిదో అతను పట్టుబడ్డాడని పోలీసులు కబురు చేస్తే వెళ్లాను. కాస్త మాట్లాడమని అడిగాను. "నాకేం తెలీదు మేడం, వాళ్లు కమిషనిస్తామంటే నా ఏటీఎం కార్డు ఇచ్చానంతే" అన్నాడు. సన్నటి గొంతు. ఫోన్ చేసినవాడు ఇతను కాదు. ఎవరికిచ్చాడో కూడా చెప్పలేకపోయాడు.

రికార్డు చేసినవన్నీ పోలీసులకిచ్చాను. ఇంకెవరూ మోసపోకూడదని బడిలో తల్లిదండ్రుల సమావేశంలో కూడా వినిపించాను. అత్తయ్య వారం వారం నన్ను స్టేషన్‌కు పంపుతుంది. పంపకపోయినా వెళతాను.

అమ్మా అని పిలిచినవాడు ఇంకా దొరకలేదు.