ఎలుక దూరని చోటు

నాకు నోటిదురుసు ఎక్కువని మా ఆవిడ హైమావతి ముప్పై ఏళ్ళుగా అంటూనే ఉంది. పని తెలిసినవాడికి ఆమాత్రం ఉంటుందిలే అని నేనూ ముప్పై ఏళ్ళుగా సర్దిచెప్పుకుంటూ వచ్చాను. మొన్న డిసెంబరు తర్వాత ఆ మాట నా నోట రావడం లేదు.

నా పేరు సూర్యారావు. సొంతూరు కాకినాడ దగ్గర. వైమానిక దళంలో పారాచూట్లు మడిచే విభాగంలో పదిహేనేళ్ళు, తర్వాత ఇక్కడ పటాన్‌చెరు దగ్గరి ప్రభుత్వరంగ కర్మాగారంలో భద్రతా సామగ్రి విభాగంలో పాతికేళ్ళు చేశాను. రిటైరయ్యాక ఇంట్లో కూర్చోలేక పటాన్‌చెరు పారిశ్రామికవాడలో ఒక రేకుల షెడ్డు కిరాయికి తీసుకున్నాను. విమానం నుంచి సరదాకి దూకేవాళ్ళు ఇప్పుడు మన దేశంలోనూ ఉన్నారు. వాళ్ళ రిజర్వు పారాచూట్లు మడిచి ఇవ్వడం నా పని.

దూకేవాడి వీపు సంచిలో రెండు పారాచూట్లు ఉంటాయి. మొదటిది మెయిన్, దాన్ని ఎవరిది వాళ్ళే మడుచుకుంటారు. అది మొరాయిస్తే వదిలించుకుని రెండోది లాగాలి. ఆ రెండోదే రిజర్వు. దాన్ని నాలాంటివాడే మడవాలి, ఎర్రదారం కట్టి సీసం సీలు వేయాలి. వాడినా వాడకపోయినా ఆర్నెల్లకోసారి విప్పి, చూసి, మళ్ళీ మడవాలి. నేను సీలు వేసిన రిజర్వులు పదకొండుసార్లు ఆకాశంలో తెరుచుకున్నాయి. ఆ పదకొండుమందీ కింద నిలబడి నాకు ఫోన్ చేశారు. పన్నెండోవాడు జైపాల్.

జైపాల్‌ది హత్నూర. సైన్యంలో పారాచూట్ దళంలో పనిచేసి వచ్చి, చలికాలమంతా ఉత్తరాదిలో ఒక క్లబ్బు నడిపే శిబిరాల్లో కొత్తవాళ్ళకు దూకడం నేర్పేవాడు. అతనికి పిచ్చి వింగ్‌సూట్ మీద. చేతుల మధ్యా కాళ్ళ మధ్యా గుడ్డ రెక్కలుండే దుస్తులవి. వేసుకుని దూకితే గబ్బిలంలా కిలోమీటర్ల దూరం ముందుకు పోవచ్చు. చివరికి మాత్రం పారాచూట్ తెరవాల్సిందే.

సామాన్లు ఎంచుకోవడం దగ్గర మాకు ఎప్పుడూ కుస్తీయే.

"పెద్ద రెక్కలది తీసుకుంట సార్. ఇంకొక నిమిషం ఎక్కువ ఎగరొచ్చు" అనేవాడు.

"ఎగరడం ఎవడికి కావాలయ్యా, దిగడం కావాలి గానీ. అంత రెక్కలో చెయ్యి ఇరుక్కుంటే వెనక్కి పోయి పారాచూట్ పిడి అందుకోగలవా?"

"అందుకుంట సార్. నన్ను గింత తీసిపారేస్తరేంది?"

"నీ వేగానికి చిన్న మెయిన్ కూడా పనికిరాదు. పెద్దది వేసుకో, నిదానంగా తెరుచుకుంటుంది."

గొణుక్కుంటూనే వినేవాడు. చిన్న సూటు, పెద్ద మెయిన్, మెయిన్‌ను బయటికి లాగడానికి నేను చెప్పిన పొడుగు తాడు, స్పృహ తప్పినా తగిన ఎత్తులో రిజర్వును దానంతటదే తెరిచే యంత్రం, అన్నీ నా మాట ప్రకారమే తీసుకున్నాడు. ఇంత జాగ్రత్తగా సామాను ఎంచుకున్న మనిషిని నేను చూడలేదు. ఆ గర్వం నాకే ఎక్కువ ఉండేది.

అతని భార్య రేఖ బొల్లారంలో ఒక మందుల ముడిసరుకు కంపెనీ స్టోరులో పనిచేస్తుంది. ఇద్దరూ అక్కడే ఒక గది కిరాయికి తీసుకున్నారు. కిందటి ఏడాది మే నెలలో, శిబిరాలు అయిపోయాక, జైపాల్‌తో పాటు ఆమె కూడా మొదటిసారి షెడ్డుకు వచ్చింది. బల్ల మీద నేను విప్పి పరిచిన జైపాల్ తెల్లటి రిజర్వు అంచు రెండు వేళ్ళతో పట్టుకుని, నలిపి, వెలుతురుకు పెట్టి చూసింది. నా బల్ల మీద గుడ్డను ఇంకొకరు ముట్టుకుంటే నాకు ఒళ్ళు మండుతుంది.

"గిదేం బట్ట సార్?" అంది.

"దాని సంగతి నీకెందుకమ్మా? చెప్పినా అర్థం కాదు."

"ఊకెనే అడుగుతున్న సార్. మా తాన డ్రమ్ములు లేపే బెల్టులుంటయి, గవి..."

"దూకే మొగుడే అడగడం లేదు, కందకు లేని దురద కత్తిపీటకెందుకు?"

జైపాల్ పెద్దగా నవ్వాడు. నేనూ నవ్వాను. రేఖ చెయ్యి తీసేసి, చున్నీకి వేళ్ళు తుడుచుకుని పక్కకు జరిగింది. నా బల్లేదో పాడైనట్టు నేను ఆ అంచును మళ్ళీ సవరించాను. బెల్టుల గురించి ఆమె ఏం చెప్పబోయిందో నేను వినలేదు.

ఆ రోజే ఇంకొక సంగతి జరిగింది. సంచి అడుగున జేబు దులిపితే నాలుగు ఎలుక పెంటికలు రాలాయి. పట్టీ మీద ఒకచోట కొరికిన గుర్తు కూడా ఉంది. ఇక నేను ఆగలేదు.

"ఇది బియ్యం బస్తా అనుకున్నారా? మనిషి ప్రాణం! ఎలుక పన్ను ఒక్కటి పడితే చాలు. గట్టి మూత ఉన్నదాంట్లో, ఎలుక దూరని చోట, గాలి కూడా చొరకుండా పెట్టండి. చేతకాకపోతే దూకడం మానుకోమను" అని ఇద్దరినీ, ఎక్కువగా ఆమెనే, దులిపేశాను.

"సరే సార్, పెడ్త" అంది రేఖ. అంతే.

ఆ వానాకాలం మెయిన్‌ను తాళ్ళు మార్చడానికి నా దగ్గరే ఉంచుకున్నాను. రిజర్వు మడిచి, సీలు వేసి, ఆ సంచి వాళ్ళకిచ్చాను. మళ్ళీ అక్టోబరు చివర దాన్ని జైపాల్ తెచ్చాడు. ఈసారి దుమ్ము లేదు, బూజు లేదు, పెంటిక లేదు. సంచి కడిగిన ముత్యంలా ఉంది.

విప్పినప్పుడు పుల్లటి ఘాటు ఒకటి ముక్కుకు తగిలింది. ఈ మాట ఎవరితోనూ అనలేదు, ఇప్పుడు రాస్తున్నాను. తగిలింది. కానీ పటాన్‌చెరులో పాతికేళ్ళు బతికినవాడి ముక్కుకు ఏ వాసన లెక్క? గాలి అటు నుంచి తిరిగితే కుళ్ళిన గుడ్డు వాసన, ఇటు నుంచి తిరిగితే మందుల వాసన. ఆ రోజు కూడా కిటికీ తెరిచే ఉంది. లేచి కిటికీ మూసి వచ్చి పని చూసుకున్నాను.

గుడ్డ తెల్లగానే ఉంది. మరక లేదు, చిరుగు లేదు. గుడ్డ బలం చూడడానికి ఒక పరీక్ష ఉంది. అంచును రెండు పట్టకార్లతో పట్టి, తూకం కట్టి లాగి చూడాలి. పాత గుడ్డకే చేస్తాం. ఇది నాలుగేళ్ళది. అవసరం లేదనుకున్నాను. మడిచాను. సీలు వేశాను.

"మీ ఆవిడకు చెప్పు, ఇప్పటికి పద్ధతి తెలిసిందని" అన్నాను. రేఖను నేను మెచ్చుకున్నది ఆ ఒక్కసారే.

"చెప్త సార్, మస్తు ఖుషీ అయితది" అన్నాడు జైపాల్.

డిసెంబరు రెండోవారంలో, ఆ ఏటి శిబిరంలో మూడోరోజు పొద్దున, వింగ్‌సూట్‌లో దూకాడు. మెయిన్ తెరుచుకుంటూనే తాళ్ళు మెలిపడ్డాయి. వింగ్‌సూట్‌తో దూకేవాళ్ళకు అది కొత్త కాదు. కావలసినంత ఎత్తులోనే దాన్ని వదిలించుకుని రిజర్వు లాగాడు. రిజర్వు తెరుచుకుంది. తెరుచుకున్న క్షణంలోనే నడిమికి చీలిపోయింది.

ముందుగా ఫోన్ చేసింది క్లబ్బువాళ్ళు. తర్వాత రేఖ చేసింది. "సార్, మీరే కట్టిండ్రు గద" అని మాత్రం అంది.

క్లబ్బు వేసిన విచారణ కమిటీ వాళ్ళు రెండు పేజీల నివేదిక ఇచ్చారు. రిజర్వు లాగేటప్పుడు జైపాల్ శరీరం అదుపులో లేదని, విపరీతమైన వేగంలో తెరుచుకోవడం వల్ల గుడ్డ చిరిగిందని రాశారు. నా సీలు సక్రమంగా ఉందని కూడా రాశారు. అంటే తప్పు పోయినవాడిది. మాట్లాడలేనివాడి మీద తోస్తే ఎవరికీ బాధ ఉండదు.

ఫిబ్రవరిలో జైపాల్ తమ్ముడు నర్సింగ్ ఆ సామానంతా ఒక మూటలో తెచ్చి నా బల్ల మీద పెట్టాడు.

"ఇంట్ల ఉంచుకోబుద్ధి అయితలేదు సార్. వదిన సూడలేకపోతున్నది. మీ తాన్నే ఉండనియ్యుండ్రి" అన్నాడు. టీ తాగమన్నా తాగకుండా వెళ్ళిపోయాడు.

రెండు రోజులు ఆ మూట ముట్టుకోలేదు. మూడోరోజు విప్పాను. వేగానికి చిరిగిన గుడ్డ నాకు తెలుసు. కుట్టు దగ్గర మొదలై పీచులు పీచులుగా లేస్తుంది. ఇది అలా లేదు. చీలిక పక్కన, చిరగనిచోట, రెండు వేళ్ళతో పట్టుకున్నాను. రేఖ పట్టుకున్నట్టే. కొంచెం లాగాను. అప్పడంలా విరిగింది.

వానాకాలం మడతలో పైన ఉన్నచోటల్లా అదే తీరు. లోపలి మడతలు గట్టిగా ఉన్నాయి. అంటే పాడైంది మడిచి ఉన్నప్పుడు, బయటి నుంచి. ఎండ తగలని సంచిలో నైలాన్‌ను ఇలా చేసేది ఆసిడ్ ఒక్కటే. అక్టోబరులో విప్పి మళ్ళీ మడిచింది నేనే, అంటే ఈ పైమడతలన్నీ నా వేళ్ళ కింది నుంచే వెళ్ళాయి. ఒక్క అంచు పట్టి లాగి ఉంటే నా చేతిలోనే విరిగేది. జైపాల్ నన్ను నాలుగు తిట్లు తిట్టి, కొత్తది కొనుక్కుని, ఈపాటికి ఎక్కడో ఎగురుతూ ఉండేవాడు.

మర్నాడు బొల్లారంలో వాళ్ళ గదికి వెళ్ళాను. ఆసిడ్ ఎక్కడిదో తెలుసుకోవాలని వెళ్ళాను. తెలిశాక ఏం చేయాలో ఆలోచించలేదు.

మధ్యాహ్నం మూడింటికి కంపెనీ బస్సు దిగి వచ్చింది రేఖ. సగం చిక్కిపోయింది. నన్ను చూసి తాళం తీసి, కుర్చీ వేసి, నీళ్ళిచ్చింది.

"సంచి ఎక్కడ పెట్టేదానివమ్మా?" అని అడిగాను.

"మీరు జెప్పినట్టే పెట్టిన సార్" అంటూ మూలకు చూపించింది.

నీలం ప్లాస్టిక్ డ్రమ్ము. ఇనుప కట్టుతో బిగించే మూత. ఈ చుట్టుపక్కల కంపెనీల నుంచి ఖాళీ అయి వచ్చే డ్రమ్ములు ఇవి. నీళ్ళకీ బట్టలకీ ప్రతి ఇంట్లో ఒకటి ఉంటుంది. మా ఇంట్లోనూ రెండున్నాయి.

"మా స్టోర్ల అడిగి తెచ్చిన. ఏడుసార్లు కడిగిన సార్, సర్ఫేసి. ఎండల పెట్టిన. ఎలుక కాదు, చీమ గూడ దూరది. ఇప్పుడు ఆయన బట్టలు పెట్టిన అండ్ల."

కట్టు తీసి మూత ఎత్తాను. అదే పుల్లటి ఘాటు. ఈసారి మూయడానికి కిటికీ లేదు. పాతికేళ్ళుగా చచ్చిపోయిన నా ముక్కుకు అప్పుడు తెలిసింది, అది గాలిలోది కాదని. ఎంత కడిగినా ప్లాస్టిక్ తాగిన ఆసిడ్ పోదు. మూత బిగించిన డ్రమ్ములో, వానాకాలం చెమ్మలో, నాలుగున్నర నెలలు.

ఎలుకలున్నాయని ఇంటికి నిప్పు పెట్టుకున్నట్టు అని సామెత. ఈ ఇంటికి నిప్పు పెట్టమని చెప్పింది నేను.

ఈమెకు చెప్పకూడదు అనుకున్నాను. నేను మడవడంలోనే తప్పు జరిగిందని చెప్పి వచ్చేద్దాం, నన్ను తిట్టుకుంటూ బతకనీ అనుకున్నాను. కానీ నా చేతులు ఊరుకోలేదు. లోపల జైపాల్ చొక్కాలు, సైన్యం నాటి స్వెట్టరు ఉన్నాయి. అవి కూడా పాడైపోతాయే అనిపించింది. ఒక్కొక్కటే తీసి మంచం మీద పెట్టసాగాను.

"ఎందుకు తీస్తున్నరు సార్?"

ఇంకో చొక్కా తీశాను.

"సార్, ఎందుకు తీస్తున్నరు?"

"నా మడతలోనే పొరపాటు జరిగిందమ్మా. అది చెప్పడానికే వచ్చాను" అన్నాను. నా చేతిలో స్వెట్టరు ఉంది.

ఆమె ఆ స్వెట్టరు వంక చూసింది. డ్రమ్ము వంక చూసింది. దగ్గరికి వచ్చి, మూత తిప్పి, లోపలివైపు వేలితో రాసి వాసన చూసింది. తర్వాత మెల్లగా నేల మీద కూర్చుంది.

"గా బట్ట నైలానా సార్?"

అబద్ధం చెప్పడానికి నాకు నోరు రాలేదు. "అవును" అన్నాను.

"పాలిస్టర్ అనుకున్న. మాకిచ్చే డ్రెస్సు అసుంటిదే, గట్లనే నున్నగుండె. పాలిస్టర్‌కు ఆసిడ్ పొగ తాకినా ఏంగాదు. మా తాన డ్రమ్ములు లేపేతందుకు పాలిస్టర్ బెల్టులే వాడుతం. నైలాన్ బెల్టు ఆసిడ్ షెడ్డుల అడుగు పెట్టనియ్యం సార్. ఆర్నెల్లల్ల పిండి అయితది. బెల్టు చేతికి రాంగనే అదేం బట్టో చూసేది నేనే. ఎనిమిదేండ్ల సంది నా డ్యూటీ అదే."

నేను ఆమె ఎదురుగా నేల మీద కూర్చున్నాను.

ఆమె ఏడవలేదు. నన్ను తిట్టలేదు. తిడితే బాగుండేది. రెండు వేళ్ళు కలిపి, లేని గుడ్డనేదో నలుపుతున్నట్టు నలుపుకుంది.

"గందుకే అడిగిన సార్" అంది చివరికి. "గిదేం బట్ట అని మిమ్ముల అడిగిన గద."