ముగ్గురు వేసిన ఉప్పు

పొద్దు గుంకడానికి ఇంకా ముప్పావు గంట ఉంది. పొయ్యి మీద పెద్ద గిన్నె నిండా ఉడికిన శనగలు, పక్కనే చింతపండు పులుసు, పళ్లెంలో తరిగిన ఉల్లిపాయలు, సంచిలో కారప్పూస. వాటి ముందు ఇంటి కోడలు గరిటె పట్టుకుని, ఎండిపోయిన నోటితో, నవ్వు ఆపుకోలేక నిలబడి ఉంది.

ఆ రోజు సందులో అందరికీ ఇఫ్తార్ పెట్టే వంతు వాళ్లింటిది. మామగారు పోయాక వచ్చిన మొదటి వంతు. ఆయన ముప్పై ఏళ్లు తోపుడు బండి మీద శనగల చాట్ అమ్మిన మనిషి. తన వంతు వచ్చినప్పుడల్లా సందంతటికీ అదే పెట్టేవాడు. ఈసారికి పళ్లు కోసిపెట్టి సరిపెడదామని ఇంట్లోవాళ్లంటే కోడలే పట్టుబట్టింది. నోట్లో పెట్టుకోగానే అందరికీ ఆయన గుర్తుకు రావాలని ఆమె కోరిక. చాట్ చెడిపోయినా గుర్తుకొస్తాడు గాని, అలా కాదు.

శనగలు ఉడికేటప్పుడు ఆమె ఉప్పు వేసింది. వదిన మరిచిపోయిందేమోనని ఆడపడుచు పులుసులో రెండింతలు వేసింది. క్షౌరశాల కట్టేసి ఇంటికొచ్చిన మరిది, ఉప్పు డబ్బా మూత తీసి ఉండటం చూసి, ఈ ఆడవాళ్లకు రోజా ఉపవాసపు మత్తులో ఒళ్లు తెలియడం లేదని జాలిపడి, శనగల్లో గుప్పెడు పోసి, చేతులు దులుపుకుని చాపలు పరచడానికి వెళ్లిపోయాడు. ముగ్గురూ ఉపవాసమే. రుచి చూసినవాళ్లు లేరు. సంగతి ఇప్పుడే ఒకరి తర్వాత ఒకరి నోట బయటపడింది.

మామూలు రోజైతే తగాదా అయ్యేది. పొద్దుటి నుంచి ఖాళీగా ఉన్న కడుపుతో తల దూదిపింజలా తేలుతోంది కాబట్టి నవ్వొచ్చింది. ఆడపడుచు గోడకు ఆనుకుని జారి కూలబడి, కొంగు నోట్లో కుక్కుకుంది. మరిది తను పోసింది సగం గుప్పెడేనని వాదించాడు.

"నీ సగం గుప్పెడుతో ఊరగాయ పెట్టొచ్చురా," అంది అతని అక్క. తర్వాత కళ్లు తుడుచుకుని, "నాలుక కొసన పెట్టుకుని ఉమ్మేస్తే తప్పు లేదంటారు కదా వదినా. నువ్వు చూడరాదూ?"

"నాలుక మీద నాకు నమ్మకమే. గొంతు మీదే లేదు."

మళ్లీ నవ్వారు. నవ్వుతూ నవ్వుతూనే ముగ్గురికీ ఒకే ఆలోచన వచ్చి, నవ్వు అక్కడే ఆగిపోయింది. రుచి చూడగలిగిన మనిషి ఇంట్లో ఒకరున్నారు.

అత్తగారికి షుగర్. ఈ ఏడు ఉపవాసాలు పనికిరావని డాక్టరు గట్టిగా చెప్పాడు. ఆవిడ ఆ మాట ఎవరితోనూ అనలేదు. మధ్యాహ్నం కోడలు రెండు రొట్టెలు, కూర మూతపెట్టి ఆవిడ గదిలో ఉంచి వస్తుంది. కాసేపటికి ఖాళీ పళ్లెం తెచ్చుకుంటుంది. దాని ఊసు ఇద్దరూ ఎత్తరు. సాయంత్రం ఆవిడ అందరి మధ్యా కూర్చుని, మసీదు పిలుపు వినపడగానే అందరిలాగే ఖర్జూరం అందుకుంటుంది. ఇంటిల్లిపాదికీ తెలుసు. తెలిసినట్టు ఎవరూ కనబడరు. ఇప్పుడు ఉప్పు చూడమనడమంటే ఆ మాట ముఖాన అనడమే.

నువ్వడుగంటే నువ్వడుగని కాసేపు తోసుకున్నారు. చివరికి కోడలే చిన్న గిన్నెలో నాలుగు శనగలు, చెంచాడు పులుసు వేసుకుని గది గుమ్మం దాకా వెళ్లింది. దారిలో మూడు రకాల మాటలు కూర్చుకుంది. లోపలికి వెళ్లాక మూడూ ఎగిరిపోయాయి.

"అత్తమ్మా, ఉప్పు చూసిపెట్టాలి. మా ముగ్గురికీ రోజా."

అత్తగారి చేతిలో జపమాల ఆగింది. ఆవిడ గిన్నె వంక చూసింది. కోడలి వంక చూసింది. ఆవిడ మెల్లగా ఒక శనగ గింజ తీసి నోట్లో వేసుకుంది. ముఖం ఒకవైపుకి మొత్తం ముడుచుకుపోయింది.

"మీ మామ మీద మీకేమన్నా కోపముందా?"

తలుపు వెనక చెవులు పెట్టిన ఇద్దరూ ఒకేసారి పగలబడి నవ్వారు.

అత్తగారు కొంగు దోపుకుని వంటింట్లోకి నడిచింది. శనగల్ని వేడినీళ్లతో రెండుసార్లు కడిగించింది. ఉప్పు లేకుండా బంగాళాదుంపలు ఉడికించి, మెదిపి కలిపించింది. పులుసు కొత్తగా పిసికించింది. ప్రతిదానికీ ఒక చెంచా నోట్లో వేసుకుని, కళ్లు మూసుకుని, తల ఆడించింది. మామయ్య ముప్పై ఏళ్లు రోజాల్లో రుచి చూడకుండా ఎలా నెగ్గుకొచ్చాడని కోడలు అడిగితే, పక్కింటి పసిపిల్లని ఎత్తుకొచ్చి తినిపించి, దాని మొహం చూసి ఉప్పు వేసేవాడని చెప్పింది. ఆ పిల్ల పెద్దదై తనూ రోజాలు మొదలుపెట్టాక నాలుగేళ్ల పాటు ఇంకో పిల్ల కోసం వెతికాడట.

ఆరో చెంచా దగ్గర కూతురు ఉండబట్టలేక, "ఉప్పు చూడమన్నామమ్మా, భోజనం చేయమనలేదు," అంది. అన్నాక నాలుక కరుచుకుంది.

"ఏం చేయనే, మధ్యాహ్నం పెట్టిన కూర చప్పగా ఏడిసింది. ఉన్న ఉప్పంతా దీనికే దాచుకున్నారాయె."

కోడలు గరిటె కింద పెట్టి, చెంగుతో ముఖం కప్పుకుంది. అది నవ్వో ఏడుపో ఆమెకే తెలియలేదు.

సందులో చాపల మీద జనం బారులు తీరారు. పిలుపు వినపడింది. చేతులన్నీ ఖర్జూరాల మీదికి వెళ్లాయి. ఎవరో అలవాటుగా అత్తగారికి కూడా ఒకటి అందించారు. ఆవిడ పుచ్చుకోలేదు. అప్పటికే గిన్నె దగ్గర నిలబడి పళ్లేల్లోకి వడ్డిస్తోంది.

"నేను తినే ఉన్నాను. ఈ ఏడు నాకు రోజా లేదు, ఉప్పు చూసే పనుంది. మీరు కానివ్వండి," అంది, సందంతా వినేట్టు.

కూరగాయలమ్మే పెద్దాయన మొదటి ముద్ద తిని కాసేపు నమలడం ఆపేశాడు. "అచ్చం ఆయన చేతిదే," అన్నాడు. ఇంకో ముద్ద తిని, "ఆయనా ఇంతే, ఒక్క పిసరు తక్కువ వేసేవాడు. కాస్త ఉప్పుందా అమ్మా?"

కోడలు, ఆడపడుచు, మరిది ఒకరినొకరు చూసుకోకుండా ఉండటానికి చాలా కష్టపడ్డారు.

"లేదు," అంది అత్తగారు, గిన్నె మీంచి తల ఎత్తకుండా. "మా ఇంట్లో అయిపోయింది."