యాప్‌కి నేర్పిన ఏడుపు

సాయంత్రం అయ్యేసరికి పాప ఏడుపు అందుకునేది. పాలు పట్టినా, భుజాన వేసుకుని గది ఈ మూల నుంచి ఆ మూలకు తిరిగినా ఊరుకునేది కాదు. డాక్టరమ్మ చూసి ఏ జబ్బూ లేదంది. జబ్బు లేకపోతే లోపం తన చేతుల్లోనే ఉండాలి, తను ఎత్తుకోవడమే పిల్లకి గిట్టడం లేదేమో అన్న బెంగ అక్కకి పట్టుకుంది. ఆ మాట ఇంకెవరితోనూ అనలేక తమ్ముడితో అంది.

"మా యాప్ చెప్పేస్తుందక్కా," అన్నాడు వాడు. "పిల్లలు ఎందుకు ఏడుస్తారో కనిపెట్టడానికేగా మేం కంపెనీ పెట్టింది."

కంపెనీ అంటే మెకానిక్ షెడ్డు పైన ఒక గది, వాడూ, వాడి ఇద్దరు స్నేహితులూ. ముగ్గురూ ఏ ఉద్యోగంలోనూ ఇమడనివాళ్లే. తమ్ముడు నోరు మూసుకోలేడు. నిచ్చెన అని పిలిచే పొడుగాటివాడు నోరు తెరవలేడు. మూడోవాడు మీటింగుల్లో నిద్రపోయి కునుకు అన్న పేరు తెచ్చుకున్నాడు.

ఆ రోజు పెట్టుబడి పెట్టే మేడం వస్తోందని వాళ్లు కాలు కాలిన పిల్లుల్లా తిరుగుతున్నారు. పాపను ఎత్తుకుని మెట్లెక్కి వచ్చిన అక్కకి మాత్రం మేడం సంగతి పట్టలేదు. ఫోన్ తన గురించి ఏం చెబుతుందోనన్నదే ఆమె బెంగ.

మేడం వచ్చి కూర్చుంది. రోజూ ఇల్లు పీకి పందిరేసే పిల్ల, నిచ్చెన మొహం చూసి బోసినవ్వులు ఒలకబోస్తోంది.

"కాస్త ఏడిపించక్కా," గొణిగాడు తమ్ముడు.

"గిల్లమంటావేంట్రా? ముందు నిన్ను గిల్లుతాను."

"నేను పాట పాడనా?" అన్నాడు కునుకు. పాడాడు. పాప గుక్కపెట్టింది.

తమ్ముడు ఫోన్ దగ్గరగా పట్టుకున్నాడు. తెర మీద అక్షరాలు వచ్చాయి: 'ఇక్కడ పాపలెవరూ లేరు.'

"మళ్లీ పెట్టరా," అంది అక్క. మళ్లీ అదే వచ్చింది.

"ఇంతకీ దీనికి ఏ పిల్లల ఏడుపు నేర్పారు బాబూ?" అంది మేడం.

ఈసారి నోరు విప్పింది నిచ్చెనే.

"మాదే మేడం. అప్పటికి వీడి మేనకోడలు పుట్టలేదు. ఇంకెవరిని అడగాలో తెలీక, బాత్‌రూంలో కూర్చుని వంతులవారీగా మేమే ఏడ్చాం."

"ఆకలి ఏడుపు, నిద్ర ఏడుపు నావి," అన్నాడు కునుకు. "ఎత్తుకోమనే ఏడుపు నిచ్చెనది. భలే ఏడుస్తాడండీ."

మేడం కళ్లద్దాలు తీసి కళ్లు తుడుచుకునేదాకా నవ్వింది. "పిల్లలున్న ఇళ్లకి వెళ్లి, నిజం ఏడుపులు నేర్పించి పిలవండి. అప్పుడు చూద్దాం." లేచి, పాప పాదం నిమిరి అక్కతో అంది: "మా అమ్మాయీ సాయంత్రాలు ఇలాగే ఏడ్చేదమ్మా. ఎందుకో నాకు ఈరోజుకీ తెలీదు."

"మరి మీరేం చేసేవారండీ?"

"ఏం చేస్తాను. ఎత్తుకుని తిరిగేదాన్ని. ఒక్కోసారి నేనూ ఏడ్చేదాన్ని."

ఆవిడ మెట్లు దిగిపోగానే, ఇన్నాళ్లూ అదిమిపెట్టుకున్నదంతా అక్కకి ఒక్కసారిగా పొంగుకొచ్చింది. కుర్చీలో కూలబడి, పాపను గుండెకు హత్తుకుని వెక్కివెక్కి ఏడ్చింది. బల్ల మీద ఫోన్ ఇంకా వింటూనే ఉంది కాబోలు, టింగుమంది.

నిచ్చెన వంగి చదివాడు. "అక్కా... 'ఎత్తుకోండి' అంటోంది."

నోరు మూసుకోవడం రాని తమ్ముడు ఏమీ అనకుండా వచ్చి, కుర్చీ చేతి మీద కూర్చుని, అక్క తలను భుజానికి ఆనించుకున్నాడు. నిచ్చెన పాపను అందుకుని ఈ మూల నుంచి ఆ మూలకు నడవసాగాడు. పాప ఊరుకోలేదు. కునుకు అందుకున్నాడు. ఊరుకోలేదు. తమ్ముడు చేతులు చాచినా అంతే.

ఎవరి చేతుల్లోనూ ఊరుకోని కూతుర్ని చూస్తూ అక్క ముక్కు చీదుకుంది. చాలా రోజుల తర్వాత నవ్వొచ్చింది.

"ఇలా తేరా నా తల్లిని," అంది. "కునుకూ, నువ్వు మాత్రం పాట ఎత్తుకోకు నాయనా."