రోజుకో చెంచా

1996 జూన్‌లో రూబీ ఉదయగిరికి వచ్చేసరికి తన ఫోటో ఉన్న పేపరు ముక్కను ఇంట్లో చట్రం కట్టి గోడకు తగిలించి ఉంచారు. ఆమె హైదరాబాదులో ఆరేళ్లు ఎలుకల మీద పనిచేసి, విటమిన్ ఎ గురించి రాసిన పరిశోధనా వ్యాసం విదేశీ పత్రికలో అచ్చయింది. జిల్లా పేపరువాళ్లు ఆ సంగతి వేశారు.

"ఊరంతా చదివినారు," అంది తల్లి రాహేలమ్మ. ఆమె అంగన్‌వాడీ టీచరు.

తమ్ముడు జోయల్ భార్య ఏంజెలిన్ మంచినీళ్లు తెచ్చింది. ఆమెకు మూడో నెల. గ్లాసు అందుకుంటూ రూబీ ఆమె చేతులు చూసింది. అరచేతుల తోలు పొరలుగా లేచిపోతోంది. పెదవుల మూలలు పగిలి ఉన్నాయి.

"ఏమైంది చేతులకు?"

"ఏమో వదినా. తల పగిలిపోతా ఉండాది. తిన్నది నిలవడంలా. వేవిళ్లంటా ఉండాది అత్తమ్మ."

ఇలా తోలు ఊడటం రూబీ ఎలుకల బోనుల్లో చూసింది. "ఏం మందులు వాడతా ఉండావు?"

"మందులేం లేవు. అత్తమ్మ రోజూ పోసే చెంచా మందే."

రాహేలమ్మ సంబరంగా సీసా తెచ్చింది. రేచీకటి రాకుండా అంగన్‌వాడీలో చిన్నపిల్లలకు ఆరునెలలకొక్కసారి పోసే పసుపురంగు విటమిన్ ఎ మందు.

"పొద్దుగూకితే పిల్లకు గడప కనపడలా. పదిహేను దినాలుగా రోజుకో చెంచా పోస్తా ఉండాను. కడుపులో బిడ్డకు కళ్లు, చెవులు ఏర్పడేది దీంతోనే అని నువ్వే గదా రాసినావు!"

రూబీ సీసా అందుకుంది. ఆమె వ్యాసంలో రెండు సంగతులున్నాయి. బిడ్డ అవయవాలు ఏర్పడటానికి ఈ విటమిన్ కావాలి. మోతాదు మించితే ఆ అవయవాలే వంకరపోతాయి. విలేకరికి రెండూ చెప్పింది, సగమే అచ్చయింది. ఆ పేపరు తనకూ వచ్చింది. ఫోటో బాగుందని మురిసిపోయిందే గాని, సరిచేయమని ఒక్క ఉత్తరం రాయలేదు.

"అమ్మా, ఇంక చుక్క కూడా పొయ్యొద్దు," అంది.

మర్నాడే ఏంజెలిన్‌ను ఆత్మకూరు తీసుకుపోయింది. డాక్టర్ రాఘవమ్మ అంతా విని, ఏం జరగొచ్చో దాచకుండా చెప్పింది. బిడ్డను ఉంచుకోవాలా వద్దా ఆలోచించుకోమంది.

"నాకు నా బిడ్డ కావాల," అంది ఏంజెలిన్.

చేతులు నెల రోజుల్లో మానాయి. డిసెంబరులో ఆత్మకూరులోనే మగపిల్లాడు పుట్టాడు. గట్టిగా ఏడ్చాడు. వేళ్లన్నీ ఉన్నాయి, కళ్లు తెరిచాడు. రూబీ ఊపిరి పీల్చుకుంది. అంతలో ఆయా బిడ్డ తలమీది గుడ్డ తీసింది. కుడిచెవి ఉండాల్సినచోట చిన్న కండముద్ద ఉంది.

రాహేలమ్మ కూతురివైపు తిరిగింది. "నేను పోసినదానికేనా?"

"ఖాయంగా చెప్పలేనమ్మా. నా ఎలుక పిల్లల్లో ఇట్టాంటి చెవులే చూసినాను. పేపర్లో సగమే పడిందని తెలిసీ ఊరుకుంది నేను."

రాహేలమ్మ గోడకానుకుని కూలబడింది. ఏంజెలిన్ బిడ్డను రొమ్ముకు అదుముకుంది. "ఎడంచెవి ఉండాది గదా. ఆ పక్కనుంచి పిలుస్తాం," అంది.

ఆ వారమే రూబీ పేపరుకు ఉత్తరం రాసింది. ఏదో మూల నాలుగు లైన్లు వేశారు. రాహేలమ్మకు అది చాలలేదు. ఫిబ్రవరిలో ఆత్మకూరులో అంగన్‌వాడీ టీచర్ల మీటింగుకు మనవడిని ఎత్తుకుపోయింది. కోడలిని అడిగే తీసుకుపోయింది. వెంట రూబీ కూడా వెళ్లింది.

అందరి ముందూ నిలబడి రాహేలమ్మ బిడ్డ టోపీ తీసింది. "కడుపుతో ఉండే పిల్లకు డాక్టరు చెప్పకుండా ఈ మందు పొయ్యొద్దండి. నేను పోసినాను. చూడండి."

వెనక వరసలో కలిగిరి నుంచి వచ్చిన టీచరు కామమ్మ లేచింది.

"మా చెల్లెలికి నేనూ పోసినాను మేడమ్. రెండో నెల."

రూబీ ఆమె దగ్గరికి పోయింది. "ఎన్ని చెంచాలు?"

"ఒక్కటే. నిన్ననే మొదలుపెట్టినాను. ఈపొద్దు కూడా పొయ్యమని మా అమ్మకు చెప్పి వచ్చినాను."

రూబీ ఆమె చెయ్యి పట్టుకుంది. ఇద్దరూ కలిగిరి బస్సు కోసం పరుగెత్తారు.