మావగారు తప్పిపోతున్నారు

వెనిస్ వెళ్ళొచ్చిన దగ్గర్నుంచీ మా మావగారు తప్పిపోవడం మొదలుపెట్టారు.

మొదటిసారి మలేషియాలోని మా ఊరు తెలుక్ ఇంటాన్ సంతలో, చేపల వరస దగ్గర. తర్వాత సూపర్‌మార్కెట్‌లో. ఆ పై వారం ఊరి నడిబొడ్డున, ఒక పక్కకి ఒరిగి నిలబడ్డ గడియార స్తంభం దగ్గర. ఆయన పుట్టింది ఈ ఊళ్ళోనే. ఉద్యోగమున్నన్నాళ్ళూ పామాయిలు గెలల లారీ తోలారు. ఈ చుట్టుపక్కల ఏ ఎస్టేటుకి ఏ మలుపు తిరగాలో నిద్రలో లేపి అడిగినా చెబుతారు. అలాంటి మనిషి కూరగాయలు కొంటూ కొంటూ మాయమైపోతే ఇంట్లోవాళ్ళకి గుండె జారదూ?

మా ఆయన శ్రీకుమార్‌కి జారింది. కౌలాలంపూర్‌లో ఉద్యోగం, శనివారం ఇంటికొచ్చినప్పుడల్లా నాన్న మళ్ళీ తప్పిపోయాడన్న కబురే. తండ్రికి మతిమరుపు జబ్బు మొదలైందని తేల్చేశాడు. రాత్రిళ్ళు ఫోనులో ఆ జబ్బు గురించి చదివి, ఇపో పట్నంలో డాక్టర్ని కూడా మాట్లాడేశాడు. ముందు కారు తాళం తీసేసుకోవాలని నాతో అన్నాడు. తాళం తీసుకుంటే ఆయనకి ఇంకేం మిగులుతుందని అడిగాను. ప్రాణం మిగులుతుంది అన్నాడు.

నాకు అసలు సంగతి తెలుసు. కానీ అత్తగారు నా చెయ్యి తన నెత్తిన పెట్టుకుని ఒట్టు వేయించుకున్నారు. నా నోట్లో నువ్వు గింజ నానదని మా అమ్మే అంటుంది, ఇక నా అవస్థ ఊహించుకోండి. ఆ ఒట్టు శ్రీకుమార్‌కి చెప్పనని మాత్రమే కాబట్టి మీకు చెబుతున్నాను.

నాది గుంటూరు. ఉద్యోగానికని మలేషియా వచ్చి ఇక్కడే పుట్టిన తెలుగువాణ్ణి చేసుకున్నాను. వీళ్ళ తాతముత్తాతలు విజయనగరం వైపు నుంచి రబ్బరు తోటల్లో పనికి వచ్చారు. మా అత్తగారు కూర్మమ్మ తన భర్త పేరు జన్మలో పలకలేదు. పిలవాలంటే కూతురి పేరు అడ్డం పెట్టుకుని "శాంత నాయనా" అంటారు. ఆసుపత్రిలో భర్త పేరేమిటని అడిగితే ఆయన ఐసీ, అంటే గుర్తింపు కార్డు, బల్ల మీదికి తోస్తారు. పైడితల్లి అమ్మవారికి మొక్కుకునేటప్పుడు కూడా "ఇజినారం అమ్మా" అనే మొక్కుతారు, ఎందుకంటే మావగారి పేరు పైడిరాజు. పేరు పలికితే మొగుడికి ఆయుష్షు తగ్గుతుందని వాళ్ళమ్మ చెప్పిందట. నేను మొదటిసారి "ఒరేయ్ శ్రీ" అని పిలిచినప్పుడు ఆవిడ చేతిలో గరిట ఆగిపోయింది. ఆ సాయంత్రం శ్రీకుమార్‌కి దిష్టి తీశారు.

వెనిస్‌కి నలుగురం కలిసి వెళ్ళాల్సింది. చివరి నిమిషంలో శ్రీకుమార్‌కి సెలవు దొరకలేదు. డబ్బు ఎలాగూ వెనక్కి రాదు కాబట్టి అత్తామావల్ని వెంటేసుకుని నేనే బయల్దేరాను. కోడలు అత్తామావల్తో హనీమూన్‌కి పోతోందని మా ఆఫీసులో వారం రోజులు ఏడిపించారు.

అత్తగారికి ఆ ఊరు చూడగానే నచ్చేసింది. నీళ్ళల్లో ఇల్లు కట్టుకుని, ఆ ఇల్లు చూడ్డానికి మళ్ళీ పడవెక్కించడం ఏం తెలివి అని ఒకపక్క దెప్పుతూనే, ఇంకోపక్క ప్రతి మేడకీ ఫోటో తీయించుకున్నారు. పెద్ద చర్చి ముందున్న చౌకులో పావురాల మధ్య పట్టుచీర కట్టుకుని ఆవిడ నిలబడితే జపాన్ వాళ్ళు వచ్చి పక్కన నించుని ఫోటోలు దిగారు. మొత్తం యాత్రలో ఆవిడంత సంబరపడిన మనిషిని నేను చూడలేదు.

మావగారి చూపు మేడల మీద లేదు. లారీ లేని ఊళ్ళో ఫ్రిజ్జు ఇంటికెలా వస్తుందన్నదే ఆయన చింత. సిమెంటు బస్తాల పడవ, చెత్త పడవ, బట్టలుతికే మిషను దించుతున్న చిన్న క్రేను పడవ, ఇవీ ఆయన చూసిన వెనిస్. వాటి వెంట సందుల్లోకి వెళ్ళిపోతూ ఉంటే నేను చొక్కా పట్టుకుని వెనక్కి లాగేదాన్ని.

రియాల్టో వంతెన దాటాక ఒకచోట నేను ఐస్‌క్రీమ్ కొంటూ చొక్కా వదిలాను. తిరిగి చూస్తే మావగారు లేరు.

ఆయన ఫోను అత్తగారి హ్యాండ్‌బ్యాగులో ఉంది. పాస్‌పోర్టూ అక్కడే, హోటలు కార్డూ అక్కడే. అన్నీ తన దగ్గరుంటేనే భద్రమని అత్తగారి సిద్ధాంతం. సందులన్నీ గాలించాం. ఏ సందులో దూరినా నీళ్ళ దగ్గరే తేలుతున్నాం. అత్తగారి మొహంలో నెత్తురు లేదు. నాకైతే శ్రీకుమార్‌కి ఏమని ఫోను చెయ్యాలో తెలీక ఏడుపొచ్చేసింది.

పెద్ద కాలవ ఒడ్డుకి వచ్చేసరికి కనిపించారు, అవతలి గట్టున. వంతెన మాకు చాలా వెనకబడిపోయింది. ఆయన నీటి బస్సనే పెద్ద పడవ ఎక్కే రేవులో, ఎవరో చైనా యాత్రికుల గుంపు మధ్య, వీపు మావైపు పెట్టి నిలబడ్డారు. ఆ గుంపులోవాళ్ళూ మేం ముగ్గురం పెట్టుకున్నటువంటి ఎర్ర టోపీలే పెట్టుకున్నారు. మేమూ అందులోనే ఉన్నామనుకున్నట్టున్నారు. బస్సు రేవులోకి వస్తోంది. ఎక్కారంటే భాష రాని ఊళ్ళో, చేతిలో ఏమీ లేకుండా, ఎటు తేలతారో దేవుడికే ఎరుక.

నేను "మావయ్యగారూ" అని గొంతు చించుకున్నాను. అత్తగారు "శాంత నాయనా" అని అరిచారు, మళ్ళీ అరిచారు. ఆ పిలుపు వినీ వినీ వినపడనట్టు ఉండటం ఆయనకి ఇన్నేళ్ళ సాధన. తల కూడా తిప్పలేదు. ఇక పేరు పెట్టి పిలుద్దామని నేను నోరు తెరిచేలోగా అత్తగారు నా నోరు మూసేశారు.

"మావని పేరెట్టి పిలిసీస్తావేటే గుంటా?"

బస్సుకి తాడు కట్టారు. జనం కదిలారు. అత్తగారు నా నోటి మీంచి చెయ్యి తీసి, రెండు చేతులూ తన నోటికి అడ్డం పెట్టుకున్నారు.

"ఓ పైడిరాజూ!"

కాలవ మీది పడవలవాళ్ళంతా మావైపు చూశారు. మావగారు ఒక కాలు బస్సులో, ఒక కాలు రేవులో పెట్టి ఆగిపోయారు. కాలు వెనక్కి తీసుకుని ఇటు తిరిగారు. బస్సు వెళ్ళిపోయింది. ఆయన మమ్మల్ని చూస్తూ అలాగే నిలబడ్డారు. పెళ్ళిపీటల మీద ఫోటోలో కూడా ఆ మొహం అంత వెలగలేదు.

ఆ సాయంత్రమే నాతో ఒట్టు వేయించుకున్నారు అత్తగారు. ఊరికి రాగానే గుడికెళ్ళి మావగారి ఆయుష్షు కోసం తొమ్మిది శుక్రవారాలు ఒంటిపూట ఉంటానని మొక్కుకున్నారు. అక్కడితో అయిపోయిందనుకున్నారు పాపం.

మావగారికి అక్కడే మొదలైంది. ఆ పిలుపు ఇంకొక్కసారి వినాలి. అడిగితే ఆవిడ పిలవరు. అందుకే తప్పిపోవడం. నిజంగా తప్పిపోయినవాడెవడైనా అందరికీ కనిపించేచోట, వీపు ఇటు తిప్పి, చెవి ఒకటి రిక్కించి నిలబడతాడా? అత్తగారికి అర్థం కాకేం, ప్రతిసారీ నోరు మెదపకుండా వెళ్ళి చొక్కా పట్టుకుని లాక్కొచ్చేవారు. వంటింట్లో మాత్రం, సిగ్గూ శరం లేని ముసలాడని నాతో గొణుక్కునేవారు.

డాక్టరు రమ్మన్న శనివారం ఇపో బయల్దేరాం. మామూలు ఆరోగ్య పరీక్షలని శ్రీకుమార్ తండ్రికి చెప్పాడు. మావగారే బండి తోలారు. మ్యాపు అక్కర్లేకుండా సరిగ్గా డాక్టరు గుమ్మం ముందు ఆపారు. అది చూసైనా శ్రీకుమార్‌కి బుర్ర వెలగలేదు.

డాక్టరు నెమ్మదైన తమిళావిడ. తేదీ అడిగితే మావగారు తిథితో సహా చెప్పారు. వందలోంచి ఏడేసి తీసేయమంటే గబగబా తీసేశారు. గడియారం బొమ్మ గీయమంటే ఒరిగిపోయిన గడియారం గీశారు. ఆవిడ కంగారుపడితే, మా ఊళ్ళో గడియారం అలాగే ఉంటుందని చెప్పారు. ఆవిడ నవ్వేసి, ఇంత బాగా ఉన్నవారు సొంత ఊళ్ళో ఎందుకు తప్పిపోతున్నారని అడిగారు.

మావగారు నేల చూపులు చూశారు. ఒక్కసారి అత్తగారి వైపు చూసి మళ్ళీ తల దించుకున్నారు. నిజం చెబితే కొడుకు ముందు భార్య పరువు పోతుంది. చెప్పకపోతే బండి పోతుంది. ఆయన చెప్పలేదు.

కారణం తెలిసేదాకా, ఒక స్కాను తీసేదాకా బండి తోలకుండా ఉంటే మంచిదన్నారు డాక్టరు. శ్రీకుమార్ తండ్రి ముందు చెయ్యి చాచాడు. వాడి కళ్ళల్లోనూ నీళ్ళున్నాయి, పాపం వాణ్ణీ అనలేను. మావగారు చొక్కా జేబులోంచి తాళం తీశారు. ఒట్టూ లేదు గిట్టూ లేదు, చెప్పేద్దామని లేచాను.

"పైడిరాజూ," అన్నారు అత్తగారు. "తాళం జేబులో ఎట్టు."

తల్లి నోట ఆ పేరు పుట్టి బుద్ధెరిగి ఎన్నడూ వినని శ్రీకుమార్, చాచిన చెయ్యి చాచినట్టే నిలబడిపోయాడు. మావగారు తాళం జేబులో వేసుకున్నారు. అప్పుడు అత్తగారు తమిళంలో, తెలుగులో కలగాపులగంగా, వెనిస్ సంగతి మొదటి నుంచీ చెప్పారు. డాక్టరు కళ్ళు తుడుచుకుంటూ నవ్వి, స్కాను అక్కర్లేదన్నారు.

వసారాలోకి వచ్చాక నేను అత్తగారి చెయ్యి పట్టుకున్నాను. మరి ఆయుష్షు తగ్గుతుందన్న భయం లేదా అని మెల్లిగా అడిగాను.

"పేరెట్టి పిలిస్తే ఆయుసు తగ్గుద్దంటారు. బండి లాగీస్తే అంతకన్నా బేగి తగ్గుద్ది," అన్నారు. "రెండిట్లో ఏది తక్కువో సూసుకున్నాను, అంతే లా," అని మలేషియా వాళ్ళ "లా" తగిలించి తేల్చేశారు.

వచ్చేటప్పుడూ మావగారే తోలారు. శ్రీకుమార్ పక్క సీట్లో, మేమిద్దరం వెనక. వాడు వెనక్కి తిరిగి, నీకంతా తెలుసన్నమాట అన్నట్టు నన్ను గుడ్లురిమి చూస్తున్నాడు. గోపెంగ్ ఊరు దాటింది. అప్పుడు మావగారు అద్దంలోంచి వెనక్కి చూస్తూ మెల్లిగా కదిపారు.

"ఇందాక లోన ఏటన్నావు? నాకు సరిగా ఇనబడనేదు."

"రోడ్డు సూసి తోలు," అన్నారు అత్తగారు.

ఆయన రోడ్డు చూసి తోలారు. తాపా వచ్చింది, పోయింది. అత్తగారు కిటికీ వైపు తిరిగి కొంగు సర్దుకున్నారు, కాసేపు బయటి తోటలు చూశారు. ఆ తర్వాత ఎవరూ అడక్కుండానే, బయటికి చూస్తూనే అన్నారు.

"పైడిరాజూ, ఆకలేస్తంది."

మావగారు సరేనని తలూపారు. బిడోర్ దగ్గర హైవే దిగి తెలుక్ ఇంటాన్‌కి తిరగాలి. ఆ మలుపు ఆయన జీవితంలో ఎన్ని వేలసార్లు తిరిగి ఉంటారో. నేను కూడా చూశాను, శ్రీకుమార్ కూడా చూశాడు, బోర్డు మా పక్కనుంచే వెళ్ళిపోయింది. ఆయన నవ్వుకుంటూ తిన్నగా తర్వాతి ఊరు సుంగ్‌కై దాకా పోనిచ్చారు. ఈసారి ఆయన నిజంగానే దారి తప్పారు, కారులో ఒక్కరం కూడా చెప్పలేదు.