పసుపు లేని పథ్యం

మా ఆయనకు లివర్ పాడైందని తెలిసిన రోజు నుంచి నేను పసుపు డబ్బా మూత తియ్యలేదు. కామెర్లంటే ఒళ్ళు పచ్చబడడమే కదా, పచ్చగా ఉన్నదేదీ లోపలికి పోకూడదని మా అమ్మ చెప్పేది. ఆవిడకు వాళ్ళమ్మ చెప్పింది. పసుపుతో పాటే కందిపప్పు, పెసరపప్పు, నూనె, నెయ్యి పోయాయి. మిగిలింది మెత్తగా ఉడికిన అన్నం, పల్చటి మజ్జిగ, ఉప్పు లేని బీరకాయ. ఇంత నిష్ఠగా పథ్యం పెట్టే ఇల్లాలు ఎల్బీ నగర్ మొత్తంలో ఉండదని నాకు లోలోపల గర్వంగా కూడా ఉండేది.

ఆయన పేరు భానుమూర్తి. చైతన్యపురిలో ఎంసెట్ పిల్లలకు లెక్కలు చెప్పేవారు. సిరోసిస్ అనగానే తాగుబోతేమో అన్నట్టు చూసేవాళ్ళంటే నాకు ఒళ్ళు మండేది. చుక్క ముట్టని మనిషి ఆయన, ఎప్పుడో ఏ సూది వల్లో అంటుకున్న హెపటైటిస్ బి అది. మందులతో పొట్టలో నీరు తగ్గింది, కళ్ళు తెల్లబడ్డాయి. మనిషి మాత్రం కరిగిపోయారు. చొక్కా గుండీలు నేనే పెట్టేదాన్ని. పేపరు ఎత్తి పట్టుకుంటే చేతులు వణుకుతున్నాయని చదవడం మానేశారు. మళ్ళీ బోర్డు ముందు నిలబడతానా సూర్యా అని మొదట్లో రోజూ అడిగేవారు. తర్వాత అడగడమూ మానేశారు.

ఆగస్టులో దిల్‌సుఖ్‌నగర్ ఆస్పత్రిలో డాక్టర్ అమల ఆయన చేత చేతి పట్టు కొలిచే పిడి ఒకటి నొక్కించింది. ముల్లు కదిలీ కదలనట్టు కదిలింది. చేతులు కట్టుకుని కుర్చీలోంచి ఐదుసార్లు లేవమంటే రెండోసారికే కూలబడ్డారు. "కండంతా పోతోందమ్మా. ఇలాగే పోతే చిన్న జ్వరం వచ్చినా ఈయన తట్టుకోలేరు" అంది. పప్పు, పెరుగు, శనగలు పెట్టమంది. పడుకునే ముందు కూడా ఏదో ఒకటి తినిపించమంది. ఉప్పు తక్కువే ఉండాలంది, రోజూ కాస్త నడిపించి చేతులకు పని చెప్పమంది. అందులో ఉప్పు సంగతి ఒక్కటే నేను చెవిన వేసుకున్నాను. నిన్నగాక మొన్న చదువు ముగించిన పిల్ల నాకు పథ్యం నేర్పుతుందా అనుకున్నాను.

సెప్టెంబరులో తెలంగాణ కోసం సకల జనుల సమ్మె మొదలైంది. బస్సులు ఆగాయి, కోచింగులు మూతపడ్డాయి. బొగ్గు రాక కరెంటు గంటల తరబడి పోయేది. మధ్యాహ్నాలు మా పైపోర్షన్ ఉడికిపోతుంటే ఆయన్ని పట్టుకుని మెట్లు దింపి, కింద నీడలో కుర్చీ వేసి కూర్చోబెట్టేదాన్ని. మోటారు నడవదు కాబట్టి నీళ్ళకు అందరికీ గేటు ముందున్న బోరింగే దిక్కు.

కింది పోర్షన్‌లో పెంటమ్మ, మట్టయ్య ఉండేవారు. నల్గొండ వైపు వాళ్ళు. మట్టయ్య కొత్తపేట పండ్ల మార్కెట్టుకు లారీ నడిపేవాడు. పెంటమ్మ చైతన్యపురిలో ఒక హాస్టల్లో వంట చేసేది. పిల్లలు ఊళ్ళకు పోవడంతో అప్పుడు ఇంటిపట్టునే ఉంది. ఒకరోజు బాల్కనీలోంచి చూస్తే మా ఆయన నిలబడి బోరింగు కొడుతున్నారు, పెంటమ్మ పక్కన నిలబడి లెక్కపెడుతోంది. మెట్లు ఎలా దిగానో తెలియదు. జబ్బు మనిషి చేత నీళ్ళు కొట్టిస్తావా అని ఆమెను దులిపేశాను. సారే చెయ్యేసిండు, పది కొట్టినంక కూసొమ్మన్న అని ఆమె నెమ్మదిగా చెప్పింది. ఆయన నా వైపు చూడకుండానే, "డాక్టరు చేతులకు పని చెప్పమంది. నువ్వు వినలేదు, నేను విన్నాను" అన్నారు.

పది కాస్తా పదిహేనైంది, ఇరవై అయింది. నేను పైనుంచి కళ్ళలో ఒత్తులు వేసుకుని చూసేదాన్ని. ఈలోగా ఇంకో భయం పట్టుకుంది. ఆయన నేను పెట్టిన అన్నంలో సగం కూడా తినడం లేదు. ఈ జబ్బులో ఆకలి చచ్చిపోయిందంటే రోజులు దగ్గర పడ్డట్టే అనుకుని, దేవుడి గూటి ముందు కూర్చుని చాలాసార్లు ఏడ్చాను.

అసలు సంగతి ఒక మధ్యాహ్నం బయటపడింది. మజ్జిగ గ్లాసుతో కిందికి దిగేసరికి కుర్చీ ఖాళీగా ఉంది. ఆయన పెంటమ్మ వాకిట్లో మంచం మీద కూర్చుని, పసుపు ఓడుతున్న పప్పుతో జొన్నరొట్టె తింటున్నారు. పక్కన గిన్నెడు గడ్డపెరుగు. నాలుగేళ్ళుగా ఆ ఇంట్లో నేను మంచినీళ్ళు కూడా పుచ్చుకోలేదు. ఈయన చూస్తే మూడు వారాలుగా భోజనమే చేస్తున్నారట. పథ్యం చెడగొట్టి మనిషిని చంపుతావా అని నోటికొచ్చిందల్లా ఆమెను అనేశాను. డాక్టరమ్మ తినమన్నదని సారు చెప్పిండు, ఉప్పు తక్కువేసే ఒండిన అంది పెంటమ్మ. ఆ రోజు నుంచి ఇద్దరితోనూ మాటలు మానేశాను. ఆయన మాత్రం కింద తినడం మానలేదు.

దసరా వెళ్ళిన వారానికి మళ్ళీ ఆస్పత్రిలో చూపించుకోవాలి. ఆటో కొత్తపేట దాటి పోలేకపోయింది. ముందు రోడ్డంతా సమ్మె వాళ్ళ వంటా వార్పూ, పొయ్యిలూ పాటలూ. ఆస్పత్రి ఇంకా అర కిలోమీటరు ఉంది, వెనక్కి పోదామన్నాను. ఆయన నడుద్దామన్నారు. నేను పట్టుకున్న చెయ్యి మెల్లగా విడిపించుకుని జనం మధ్యలోంచి ముందు నడిచారు. ఎవరో జరిగి, సారును పోనియ్యుండ్రి అని దారిచ్చారు. రెండుచోట్ల ఆగారు. ఒకసారి తనకోసం, ఇంకోసారి ఆయాసపడుతున్న నాకోసం. వేసవిలో నా భుజం లేకుండా బాత్‌రూమ్ దాకా పోలేని మనిషి. వెనకే నడుస్తూ ఆ వీపునే చూశాను. చొక్కా భుజాల దగ్గర కాస్త నిండింది. నేను ఆరు నెలలు ప్రాణం పెట్టి చేసిందేమిటో అప్పుడర్థమైంది. నడిరోడ్డు మీద సిగ్గుతో చచ్చిపోయాను.

ఈసారి ముల్లు బాగానే కదిలింది. కుర్చీలోంచి నాలుగుసార్లు గబగబా లేచారు, ఐదోసారి పళ్ళు బిగించి లేచారు. లివర్ కొత్తదైపోదు కానీ ఈ లివర్‌తోనే బతుకు బాగుండొచ్చని అంది అమల. కోచింగులు తెరిచాక రోజుకో క్లాసు చెప్పుకోవచ్చంది. తర్వాత నా వైపు తిరిగి, "ఇదంతా మీ చేతి చలవేనమ్మా" అంది.

నేను తలూపితే సరిపోయేది. ఆయన గోడ మీది క్యాలెండరు వైపు చూస్తున్నారు. నన్ను బయటపెట్టే మనిషి కాదు.

"నా చేతిది కాదు డాక్టరుగారూ. నేను పప్పు పెట్టలేదు. మా కింద పోర్షన్ పెంటమ్మ పెట్టింది. నేనామెను తిట్టాను" అన్నాను.

ఇంటికి రాగానే మెట్లెక్కలేదు. తిన్నగా పెంటమ్మ గుమ్మంలోకి వెళ్ళాను. "మా ఆయన్ని నేను పస్తు పెట్టాను పెంటమ్మా. నువ్వు బతికించావు" అన్నాను.

ఆమె పొయ్యి దగ్గరి నుంచి లేచి చీర కొంగుకు చేతులు తుడుచుకుంది. "పస్తువెట్టెటోళ్ళు గట్ల పక్కన కూసొని తినిపిస్తరా అక్కా? హాస్టల్ల మూడొందల మందికి ఒండుత, ఒక్కని పేరు తెల్వది నాకు. నువ్వు ఒక్క మనిషి కోసం ఆరు నెల్లు నువ్వు గూడ గా ఉప్పులేని కూడే తిన్నవ్. నీ చేతులు చూస్కున్నవా ఎన్నడన్న? సారు చేతుల కన్న బక్కగ ఉన్నయ్."

చూసుకున్నాను. గాజులు మోచేతి దాకా జారిపోతున్నాయి.

"కూసో" అని ఆమె కంచం పెట్టింది. వేడి అన్నం, ఇంత పప్పు, దాని మీద నెయ్యి. మొదటి ముద్దకే నాకు దుఃఖం పొంగుకొచ్చింది, తింటూనే ఏడ్చాను. ఆమె నా ఎదుట కూర్చుంది. లేచి ఆమె చేతులు పట్టుకోవాలనిపించింది కానీ నా చెయ్యి ఎంగిలిగా ఉంది. ఇంకొంచెం పప్పు వెయ్యమన్నాను.