బీరువాలో రొయ్య

నాది కుళ్ళుబోతు స్వభావం. మీకు ఇంకెవరో చెప్పేకంటే నేనే చెప్పుకోవడం మర్యాదగా ఉంటుందని ముందే ఒప్పేసుకుంటున్నాను. నేను ఒక షేర్ సర్టిఫికెట్‌ని. మేఖల సిస్టమ్స్ అనే సాఫ్ట్‌వేర్ కంపెనీలో వంద షేర్లు ఫలానా ఆవిడవి అని సాక్ష్యం చెప్పే కాగితాన్ని. ఈ కాలం పిల్లలు నాలాంటివాళ్ళను చూసి ఉండరు. వాళ్ళకు షేర్ అంటే ఫోన్‌లో పచ్చగానో ఎర్రగానో కదిలే అంకె. మా కాలంలో షేర్ అంటే రిజిస్టర్డ్ పోస్టులో వచ్చి, సంతకం పెట్టించుకుని మరీ ఇంట్లో అడుగుపెట్టే వస్తువు.

పుట్టింది 1993లో, హైదరాబాదులో, ఒక ప్రెస్సులో. మందమైన కాగితం, చుట్టూ నీలం అంచు, కింద ఇద్దరు డైరెక్టర్ల సంతకాలు, ఓ మూల కంపెనీ ముద్ర. బొమ్మ మాత్రం లేదు. సిమెంటు కంపెనీ అయితే పొగగొట్టం వేస్తారు, పంచదార కంపెనీ అయితే చెరుకుగడ వేస్తారు. నా కంపెనీ అమ్మే సరుకు కంటికి కనిపించదాయె, దాన్ని ఎలా గీస్తారు? ప్రెస్సువాళ్ళు బుర్ర గోక్కుని, అంచులో ఇంకో రెండు గీతలు ఎక్కువ గీసి చేతులు దులుపుకున్నారు. ఆ వెలితి నన్ను చాలా ఏళ్ళు వేధించింది.

నా మీద టైపు చేసిన పేరు చింతలూరి హైమవతి. టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ఆపరేటరు. నల్లకుంటలో రెండు గదుల పోర్షన్‌లో కాపురం. భర్త పురుషోత్తం గారు సచివాలయంలో సెక్షన్ ఆఫీసరు. నేను ఆ ఇంటికి వచ్చింది రెండో శనివారం కావడంతో ఆయన ఇంట్లోనే ఉన్నారు. కవరు చించింది కూడా ఆయనే.

"హైమా, ఇదేమిటి? నీ పేరున షేర్లా? ఎవరు కొన్నారు?"

"నేనేనండీ. డీఏ బకాయిలు వస్తే అప్లికేషన్ పెట్టాను."

"నాతో ఒక్క మాట అనలేదే."

"అంటే వద్దంటారని."

ఆయన నన్ను అటూ ఇటూ తిప్పి చూశారు. "సాఫ్ట్‌వేరట. గాలి మూటగట్టి అమ్ముకునేవాళ్ళకు ఇచ్చావన్నమాట జీతం డబ్బులు" అని నవ్వి, లోపలికి వెళ్ళి తన సర్టిఫికెట్ ఒకటి తెచ్చి నా పక్కన పరిచారు. "షేరంటే ఇలా ఉండాలి."

వాడిని చూడటం అదే మొదలు. ఊర్మిక ఆక్వా, రొయ్యల చెరువుల కంపెనీ. బంగారు రంగు అంచు, వెనక ఆకాశం రంగు సముద్రం, నడిమధ్యన మీసాలు తిప్పుకుని కూర్చున్న రొయ్య. రంగనాయకులు అనే స్నేహితుడు చెవిలో చెబితే పురుషోత్తం గారు ఉన్నపళంగా కొన్న సరుకు అది. అలాంటి అందగాడిని నేను అంతవరకూ చూడలేదు. నా ఒళ్ళు భగ్గుమంది.

ఇద్దరినీ ఒకే ప్లాస్టిక్ ఫోల్డరులో పెట్టి, బీరువాలో హైమవతి గారి పట్టుచీరల కింద ఉంచారు. తలుపు తీసినప్పుడల్లా వెలుతురు ముందు వాడి అంచు మీద పడేది. చుట్టాలు వస్తే పురుషోత్తం గారు వాడినే తీసి చూపించేవారు. పిల్లలు రొయ్య మీసాలు వేలితో తడిమి నవ్వేవారు. నన్ను ఎవరూ తడమలేదు. నీలం గీతల్ని తడమాలని ఎవరికి మాత్రం అనిపిస్తుంది?

అలా ఏళ్ళు గడిచాయి. నా కంపెనీ చప్పుడు లేకుండా తన పని తాను చేసుకుంటూ పోయింది. మధ్యలో బోనస్ అని ఇంకో రెండు కాగితాలు ఊరికే వచ్చి నా పక్కన చేరాయి. హైమవతి గారు నా కోసం డీఏ బకాయిలు మొత్తం పెట్టారు, వీళ్ళు పైసా ఖర్చు లేకుండా వచ్చి అదే చీర కింద పడుకున్నారు. వాళ్ళతో నేను సరిగ్గా మాట్లాడింది లేదు.

అసలు దెబ్బ 1999లో తగిలింది. ఊరంతా కంప్యూటరు జపం చేస్తున్న రోజులవి. రొయ్యల కంపెనీ పేరు మార్చుకుని ఊర్మిక ఇన్ఫోటెక్ అయి కూర్చుంది. చెరువులు అవే, రొయ్యలు అవే. గుమస్తా బల్ల మీదకు ఒక కంప్యూటరు వచ్చిందట, అంతే. జనం ఎగబడి కొన్నారు. ఏళ్ళ తరబడి సాఫ్ట్‌వేరే వండి వడ్డిస్తున్న నా కంపెనీ మెల్లగా నడుస్తుంటే, మొన్నటిదాకా చెరువులో మేత చల్లినవాడు కొత్త చొక్కా తొడుక్కుని దాన్ని దాటి పరుగెత్తాడు. ఆ మనుషులకు ఏమైందో నాకు ఇప్పటికీ అర్థం కాదు. పేరు పలకను చూసి డబ్బు పెట్టేవాళ్ళు, లోపల ఏముందో ఒకసారి తొంగి చూడరా?

"కాస్త పెరిగింది కదండీ, అమ్మేయకూడదూ" అన్నారు హైమవతి గారు ఒకనాడు.

"ఇప్పుడే కదా మొదలైంది. నీకు తెలియదులే" అన్నారు ఆయన.

మరుసటి ఏడు వాడు పడ్డాడు. మామూలుగా పడలేదు. కంపెనీ ఆఫీసుకు తాళం పడింది, కొన్నాళ్ళకు తాళం వేసినవాళ్ళ ఆచూకీ కూడా లేకుండా పోయింది. నా కడుపు చల్లబడింది. సిగ్గుపడాల్సిన సంతోషమే, అయినా దాచను.

తర్వాత నా కంపెనీ దశ తిరిగింది. గచ్చిబౌలి వైపు అద్దాల మేడలు కట్టిందని పేపర్లో వచ్చింది. అప్పుడు ఇంట్లో ఒక చిత్రం జరిగింది. హాల్లోకి ఎవరొచ్చినా పురుషోత్తం గారు, "తొంభై మూడులోనే మేఖలలో పెట్టాను. అప్పట్లో సాఫ్ట్‌వేర్ అంటే ఎవడికి తెలుసు? చూపుండాలి" అని మొదలుపెట్టేవారు. హైమవతి గారు కాఫీ గ్లాసులు పెట్టి లోపలికి వచ్చేసేవారు. బీరువాలోంచి వింటున్న నాకు ఒళ్ళు మండిపోయేది. ఆవిడ నాకు యజమాని. ఆయన నన్ను ఎలా తనదంటారు? అయితే ఆయనది కూడా నా జబ్బేనని తర్వాత్తర్వాత గ్రహించాను. తన రొయ్య మునిగి, పెళ్ళాం గాలిమూట తేలితే మొగుడికి నిద్ర పడుతుందా? ఆ కుళ్ళు భరించలేక నన్ను తన ఖాతాలో వేసుకున్నారు.

ఆ ఇంట్లో ఇంకో అలవాటు ఉండేది. గ్యాసు కనెక్షను, రేషను కార్డు, స్కూలు కాగితాలు, ఏ ఫారమైనా పురుషోత్తం గారే నింపి, హైమవతి గారు పెట్టాల్సిన చోట ఆవిడ సంతకం కూడా ఆయనే పెట్టేసేవారు. మోసం అనే ఆలోచన ఎవరికీ లేదు. వంటింట్లోంచి పిలవడం ఎందుకు, ఆలస్యం ఎందుకు అని. గుండ్రంగా, నిటారుగా, ఆఫీసు ఫైలు మీద రాసినట్టు "చి. హైమవతి" అని రాసేవారు.

ఇద్దరూ రిటైరయ్యాక కాగితం షేర్లకు కాలం చెల్లింది. అమ్ముకోవాలంటే మమ్మల్ని అప్పగించి, డీమ్యాట్ ఖాతాలో అంకెలుగా మార్చుకోవాలని నిబంధన వచ్చింది. ఆ అంకెలు ఫోన్‌లో ఉంటాయట. ఆ మాట విన్నప్పటి నుంచి ఫోన్ అంటే నాకు పడదు. పాతికేళ్ళు చీకట్లో కాపలా కాసింది నేను, ఇప్పుడు ఆవిడ అరచేతిలో కూర్చునేది అదా?

పురుషోత్తం గారు మాత్రం హుషారయ్యారు. "హైమా, మేఖల మొత్తం అమ్మేద్దాం. ముసలి కంపెనీ అయిపోయింది. పది నిమిషాల్లో పెసరట్టు ఇంటికి తెచ్చే యాప్ ఒకటి షేర్లు ఇస్తోంది. రంగనాయకులు చెప్పాడు."

"రొయ్యల సంగతి చెప్పింది కూడా ఆయనే కదండీ."

"అది వేరు. ఇది టెక్నాలజీ."

"నాకు అమ్మాలని లేదు. నా బుర్రతో నేను చేసిన పని అదొక్కటే."

ఆయన నవ్వేశారు. మర్నాడే మమ్మల్నందరినీ ఫోల్డరుతో సహా హిమాయత్‌నగర్‌లోని ఒక బ్రోకరు ఆఫీసుకు పట్టుకుపోయారు. ఫారం అక్కడే నింపారు, సంతకం అలవాటుగా తానే పెట్టారు. కౌంటరులో ఉన్న అమ్మాయి పేరు నవనీత. రొయ్యను చూసి, "ఈ కంపెనీ ఇప్పుడు లేదు సార్" అని తిరిగి ఇచ్చేసింది. నా ముఖం మీద మాత్రం "డీమ్యాట్ కోసం అప్పగించడమైనది" అని ఊదారంగు ముద్ర గుద్దింది. ఇంత విలువున్న నన్ను అలా కొట్టి, ఎవరికీ అక్కర్లేని వాడిని మచ్చ పడకుండా ఇంటికి పంపడం చూసి నాకు ఏడుపొచ్చింది.

మా కంపెనీ షేర్ల లెక్కలు చూసే రిజిస్ట్రారు ఆఫీసులో, ఒక గుమస్తా నన్ను బల్ల మీద పెట్టి, కంప్యూటరులో హైమవతి గారి పాత అప్లికేషన్ తెరిచాడు. ఆవిడ అసలు సంతకం నేను చూడటం అదే మొదటిసారి. అక్షరాలన్నీ ఎడమకు ఒరిగి ఉన్నాయి, గాలివాలుకు వంగిన వరిచేనులా. ఫారం మీదున్నవేమో కర్రల్లా నిలబడి ఉన్నాయి. అతను "సంతకం కలవలేదు" అని చీటీ గుచ్చి నన్ను వెనక్కి పంపాడు. నాకు ప్రాణం లేచొచ్చింది. ఫోన్‌కి తగిన శాస్తి జరిగిందనుకున్నాను.

ఇంట్లో మాత్రం పురుషోత్తం గారు చిందులు తొక్కారు. "ముప్పై ఐదేళ్ళుగా నీ సంతకం నేనే పెడుతున్నాను. ఒక్కడూ కాదనలేదు. వీళ్ళకేం రోగం?"

"వాళ్ళ దగ్గరున్నది నా సంతకమండీ."

"అయితే ఎలా ఉంటుందో ఒకసారి పెట్టి చూపించు. నాలుగుసార్లు రాసి అలవాటు చేసుకుంటాను." పేపరు, పెన్ను ఆవిడ ముందుకు తోశారు.

హైమవతి గారు పెన్ను తీసుకుని, మూత పెట్టేశారు. "చూపించడం ఎందుకూ, ఫారం మీదే పెడతాను. పదండి, నేనూ వస్తాను."

వెళ్ళే ముందు ఫోల్డరులోంచి నన్నూ, బోనస్ వాళ్ళనూ బయటకు తీశారు. రొయ్య ఒక్కడే మిగిలాడు. "దాన్ని పారేయ్, ఇంకెందుకు" అన్నారు పురుషోత్తం గారు, అటు చూడకుండా. "ఉండనివ్వండి, మీ ముచ్చట" అని ఆవిడ వాడిని చీరల కింద సర్ది బీరువా వేశారు.

కౌంటరు దగ్గర ఆవిడ ఎడమచేత్తో పెన్ను పట్టుకున్నారు. ఎడమచేతి వాటం. ఇన్నేళ్ళు కాపురం చేసిన మనిషికి ఆ చేతి సంగతి సంతకం దాకా వచ్చేసరికి గుర్తు రాలేదు. అక్షరాలు ఒక్కొక్కటీ ఎడమకు ఒరుగుతూ వచ్చాయి.

నవనీత కాగితాలు సర్దుతూ, "తొంభై మూడులో ఈ కంపెనీని ఎలా పట్టుకున్నారు సార్?" అంది. ఆయన గొంతు సవరించుకుని, "అదేనమ్మా, చూపుండాలి" అని మొదలుపెట్టారు. ఆ పైన కౌంటరు మీది ఫారాన్ని అటూ ఇటూ తిప్పసాగారు.

"బేగంపేటలో వీళ్ళది చిన్న ఆఫీసమ్మా" అన్నారు హైమవతి గారు. "అప్పటికి వాళ్ళకి ఐఎస్‌డీ రాలేదు. మా ఎక్స్ఛేంజిలోనే కాల్ బుక్ చేసుకునేవాళ్ళు. మొదట్లో వారానికొకటి. తర్వాత రోజుకొకటి. ఏడాది తిరిగేసరికి రోజుకి పది, పన్నెండు, అన్నీ అమెరికాకే. ఏం మాట్లాడుకునేవారో నేను వినలేదు, వినకూడదు. కానీ పని లేనివాళ్ళు అన్ని కాల్స్ చెయ్యరు కదా. షేర్లిస్తున్నారని పేపర్లో చూసి వేశాను."

పురుషోత్తం గారు ఆవిడ వైపు తిరిగారు. "ఇది నాకెప్పుడూ చెప్పలేదే."

"మీరు చెప్పుకునేది బాగానే ఉంది కదా అని ఊరుకున్నాను."

హైమవతి గారు సంచిలోంచి కొత్త ఫోన్ తీశారు. దాన్ని దగ్గరగా చూశాను. నల్లగా, నున్నగా ఉంది. దానికీ బొమ్మ లేదు, అయినా అందరి కళ్ళూ దాని మీదే. నవనీత అందులో ఏదో ఎక్కించి, "ఫోన్‌లో ఖాతా చూడాలంటే వేలిముద్ర పెట్టాలి" అంది. పురుషోత్తం గారి బొటనవేలు దానంతట అదే ముందుకొచ్చింది.

"మేడమ్ వేలు సార్. ఖాతా మేడమ్‌ది."

ఆయన వేలు మడిచి గుప్పిట్లో పెట్టుకున్నారు. హైమవతి గారు ఎడమ బొటనవేలు ఆనించారు.

మెట్లు దిగబోతూ ఆయన మెల్లగా అడిగారు, "మరి ఆ పెసరట్టు కంపెనీ?"

"పెసరట్టు ఇంట్లో వేస్తానండీ. పది నిమిషాలు కూడా పట్టదు."

ఆవిడ గొంతు వినడం అదే ఆఖరు. ఫారంతో పాటు నన్ను రిజిస్ట్రారు ఆఫీసుకు పంపారు. సంతకం చూసిన గుమస్తా రెండోసారి చూడకుండా తలూపాడు. నా షేర్లు వంద నాలోంచి వెళ్ళిపోయి, ఎక్కడో ఆవిడ అరచేతిలో వెలిగాయి. నాకు పంచ్ మెషీనుతో రెండు చిల్లులు పొడిచి గోనెసంచిలో వేశారు.

సంచిలో మేం వందలమంది ఉన్నాం, అందరం విలువ ఉన్నవాళ్ళమే. విలువ ఉండబట్టే వచ్చి పడ్డాం. ఆ ఫోన్ మీద కోపం కూడా తగ్గింది, రెండేళ్ళకోసారి ఫోన్లు మారుస్తారట, దాని గతీ ఇంతే. నా కళ్ళు ఎర్రబడేది వాడిని తలుచుకుంటేనే. పైసాకు కొరగాని ఆ రొయ్య ఇప్పుడు ఫోల్డరంతా తనదే చేసుకుని, మీసాలు తిప్పుకుంటూ ఆవిడ పట్టుచీరల కింద పడుకుని ఉంటాడు. వాడిని ఎవరూ ఎప్పటికీ అమ్మరు.